చెట్ల నడుమ ఎగిరే బిళ్ళ

బొంగరం ఆడిన వాళ్ళందరికీ ఒక సంగతి తెలుసు. తిరుగుతున్నంతసేపూ బొంగరం ఒంటికాలి మీద నిటారుగా నిలుస్తుంది. వేగం తగ్గగానే తల ఊపుతుంది, ఒక పక్కకు ఒరుగుతుంది, చివరకు పడిపోతుంది. నేలమీద బొంగరానికి జరిగేదే గాలిలో ఎగిరే ఒక బిళ్ళకు కూడా జరుగుతుంది. అది కూడా తిరుగుతున్నంతసేపు నిలకడగా పోయి, తిరుగుడు చాలనప్పుడు పక్కకు ఒరిగి నేలకు దిగుతుంది. ఈ ఒక్క గుణాన్ని ఆధారం చేసుకొని పుట్టిన ఆట డిస్క్ గోల్ఫ్.

పేరులో గోల్ఫ్ ఉన్నది కాని, ఈ ఆటలో కర్ర లేదు, బంతి లేదు. గుంట కూడా లేదు. గోల్ఫ్‌లో బంతిని కర్రతో కొట్టి నేలలోని చిన్న గుంటలో పడవేస్తారు. ఇక్కడ ప్లాస్టిక్ బిళ్ళను చేతితో విసిరి, ఇనుప స్తంభానికి అమర్చిన గొలుసుల బుట్టలో పడవేస్తారు. అయినా పాత అలవాటు పోక, ఆటగాళ్ళు ఒక్కొక్క బుట్టనూ దానికి చేరే దారినీ కలిపి ‘గుంట’ అనే అంటారు. లేని గుంటకు పేరు మాత్రం మిగిలింది! ఒక మైదానంలో సాధారణంగా 18 గుంటలు, చిన్న మైదానమైతే 9 గుంటలు ఉంటాయి. ఎవరు తక్కువ విసుర్లతో అన్ని బుట్టలనూ పూర్తిచేస్తే వారిదే గెలుపు.

ఈ ఆట ఎక్కడ మొదలైందని అడిగితే ఒక్క ఊరి పేరు చెప్పడం కష్టం. కెనడా దేశంలోని సాస్కాచ్యువాన్ రాష్ట్రంలో బ్లాడ్‌వర్త్ అనే చిన్న ఊరు ఉన్నది. అక్కడి బడిపిల్లలు 1926లో బడి ఆవరణలోని ఇసుకలో వలయాలు గీసి, రేకుడబ్బాల మూతలను వాటిలోకి విసిరి ఆడుకున్నారు. ఆ ఆటకు ‘రేకుమూత గోల్ఫ్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో బ్రిడ్జిపోర్ట్ అనే పట్టణంలో ఫ్రిస్బీ అనే ఇంటిపేరుగల వారి రొట్టెల కంపెనీ ఉండేది. వారు పళ్ళపూర్ణం పెట్టి కాల్చిన రొట్టెలను రేకుపళ్ళేలలో అమ్మేవారు. రొట్టె తిన్న తరువాత ఆ పళ్ళేన్ని ఒకరికొకరు విసురుకోవడం ఆ ప్రాంతపు విద్యార్థులకు వేడుక. ఫ్రెడ్ మోరిసన్ అనే కాలిఫోర్నియా యువకుడు 1938లో సముద్రపు ఒడ్డున కేకుపళ్ళెం విసురుతూ ఉంటే, చూసిన ఒకతను దానికి 25 సెంట్లు ఇస్తానన్నాడు. అంగడిలో ఆ పళ్ళెం ఖరీదు 5 సెంట్లు. ఇందులో వ్యాపారం ఉన్నదని మోరిసన్ గ్రహించాడు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత అతడు ప్లాస్టిక్‌తో ఎగిరే పళ్ళేలు చేశాడు. 1957లో వామ్-ఓ అనే ఆటవస్తువుల కంపెనీ వాటిని తయారుచేయడం మొదలుపెట్టింది. ఆ ఏడాదే రొట్టెల కంపెనీ పేరును కొద్దిగా మార్చి దానికి ‘ఫ్రిస్బీ’ అని పెట్టింది. పళ్ళెం పేరు లోకమంతా వ్యాపించింది. రొట్టెల కంపెనీ మాత్రం మరుసటి ఏడే మూతపడింది.

పళ్ళెం ఉంటే సరిపోదు. దానిని ఎక్కడికి విసరాలో గురి కావాలి. 1960ల దశకంలో కాలిఫోర్నియాలో జార్జ్ సాపెన్‌ఫీల్డ్ అనే వినోదశాఖ ఉద్యోగి పిల్లల చేత ఈ పళ్ళేలతో గోల్ఫ్ ఆడించాడు. నడుముచుట్టూ తిప్పుకొనే హులా హూప్ వలయాలే అప్పుడు గురి. మరికొన్ని ఊళ్ళలో చెట్టుబోదె, దీపస్తంభం, చెత్తడబ్బా, ఏది ఎదురుగా కనిపిస్తే అదే గురి. 1974లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరంలో జరిగిన ఒక పోటీలో కొత్త కారును బహుమతిగా పెట్టారు. దేశం నలుమూలల నుంచి ఆటగాళ్ళు వచ్చారు. అంతవరకూ ఎవరికి వారు తామే ఈ ఆట కనిపెట్టామని అనుకుంటూ ఉన్నవారు అక్కడ ఒకరినొకరు చూసుకున్నారు.

ఈ ఆటకు ఇల్లు కట్టి ఇచ్చిన వ్యక్తి ఎడ్ హెడ్రిక్. ఇతడు వామ్-ఓ కంపెనీలోనే పనిచేసేవాడు. పళ్ళెం వీపు మీద సన్నని గీతల వంటి వలయాలు ఉబ్బెత్తుగా ఉంటే అది గాలిలో తొణకకుండా పోతుందని కనిపెట్టి, 1967లో దానికి పేటెంటు పొందాడు. 1975లో లాస్ ఏంజిల్స్ జిల్లా పార్కుల శాఖను ఒప్పించి, పసడీనా నగరం సమీపంలోని ఓక్ గ్రోవ్ అనే పార్కులో మొదటి శాశ్వత డిస్క్ గోల్ఫ్ మైదానం ఏర్పాటు చేశాడు. ఓక్ గ్రోవ్ అంటే ఓక్ చెట్ల తోపు. పేరుకు తగినట్లే అక్కడ పెద్ద పెద్ద ఓక్ వృక్షాలు కొమ్మలు చాచి నిలిచి ఉంటాయి. వాటి నడుమ ఎండ పడే ఖాళీ జాగాలు ఉంటాయి. కొంత అడవి, కొంత మైదానం. తరువాత వచ్చిన పార్కు మైదానాలలో చాలావాటికి ఈ కలయికే నమూనా అయింది.

మొదట ఓక్ గ్రోవ్‌లో గురులుగా పెట్టినవి ఉత్త స్తంభాలు. బిళ్ళ స్తంభానికి తగిలితే ఆ గుంట పూర్తి అయినట్లు. ఇక్కడే తగాదా వచ్చింది. దూరం నుంచి విసిరిన బిళ్ళ స్తంభాన్ని తాకిందా, పక్కనుంచి రాసుకుపోయిందా? విసిరినవాడు తాకిందంటాడు, ఎదుటివాడు తాకలేదంటాడు. గోడుంబిళ్ళ ఆడేవాళ్ళకు ఇటువంటి వాదన కొత్త కాదు. హెడ్రిక్ తన కుమారునితో కలిసి దీనికి ఉపాయం ఆలోచించాడు. స్తంభం పైభాగాన ఒక వలయం, ఆ వలయం నుంచి వేలాడే గొలుసులు, వాటి కింద ఒక బుట్ట. వేగంగా వచ్చిన బిళ్ళ గొలుసులకు తగిలి తన వేగాన్ని వాటికి ఇచ్చివేస్తుంది. గొలుసులు ఊగుతాయి, బిళ్ళ కిందికి జారి బుట్టలో పడుతుంది. గట్టి పలకకు తగిలితే వెనక్కు ఎగిరిపోయే బిళ్ళ, వదులుగా వేలాడే గొలుసుకు తగిలి ఆగిపోవడమే ఇందులోని కీలకం. పైగా గొలుసులు గలగలమంటాయి. ఇక వాదన ఎక్కడిది? ఈ సాధనానికి 1977లో పేటెంటు వచ్చింది. అంతకు ముందు ఏడాదే, 1976లో, ఆటగాళ్ళ సంఘాన్ని కూడా హెడ్రిక్ స్థాపించాడు. అందులో ఒకటో నంబరు సభ్యుడు అతడే.

ఇప్పుడు బిళ్ళ సంగతి చూద్దాం. సముద్రపు ఒడ్డున విసురుకొనే పళ్ళెం వెడల్పుగా, మందమైన అంచుతో ఉంటుంది. డిస్క్ గోల్ఫ్ బిళ్ళ దానికంటే చిన్నది. దాని అడ్డుకొలత దాదాపు 21 సెంటీమీటర్లు, బరువు సాధారణంగా 150 నుంచి 180 గ్రాములు. 1983లో డేవ్ డునిపేస్ అనే అమెరికన్ ఒక కొత్త బిళ్ళ చేశాడు. దాని అంచు గుండ్రంగా కాక, కత్తి వాదర లాగ వాలుగా ఉన్నది. వాలు అంచు గాలిని సులువుగా చీల్చుకొనిపోతుంది. ఆనాటి నుంచి బిళ్ళలు రకరకాలుగా విడిపోయాయి. దూరం పోవడానికి వెడల్పైన పదునంచు బిళ్ళ, మధ్యదూరానికి ఒక రకం, బుట్ట దగ్గర వేయడానికి మొద్దు అంచుగల లోతైన బిళ్ళ. ఆటగాడు సంచిలో పది పదిహేను బిళ్ళలు వేసుకొని బయలుదేరుతాడు. ఎవరైనా కొత్తగా నేర్చుకొనేవారికి మాత్రం ఒక మొద్దంచు బిళ్ళ చాలు. పదునంచు బిళ్ళకు చాలినంత వేగం ఇవ్వలేనివారి చేతిలో అది నాలుగు బారలు పోయి పక్కకు పడుతుంది. చాలామంది కొత్తవారు ఈ సంగతి తెలియక ఖరీదైన బిళ్ళనే ముందు కొంటారు.

బిళ్ళ గాలిలో ఎందుకు నిలుస్తుంది? దాని పైభాగం ఉబ్బుగా, కింది భాగం గుల్లగా ఉంటుంది. ముందుకు పోతున్న బిళ్ళ గాలిని కిందికి తోస్తుంది. గాలి బిళ్ళను పైకి తోస్తుంది. విమానం రెక్కకు జరిగేది ఇదే. కాని తిరగని బిళ్ళను విసిరితే అది వెంటనే తలకిందులవుతుంది. ఎందుకంటే గాలి తోపు సరిగా బిళ్ళ నడిమధ్యన పనిచేయదు. కొంత ముందుకో, కొంత వెనుకకో జరిగి పనిచేస్తుంది. ఆ తోపుకు బిళ్ళ పల్టీ కొట్టాలి. తిరుగుడు దానిని ఆపుతుంది. ఆపడమంటే పూర్తిగా ఆపడం కాదు, మళ్ళించడం.

ఈ మళ్ళింపును కొంచెం నిదానంగా అర్థం చేసుకోవాలి. కుడిచేతివాటం మనిషి బిళ్ళను ఎడమ భుజం వైపు తీసుకుపోయి, అక్కడినుంచి ముందుకు విసిరాడనుకుందాం. పైనుంచి చూస్తే ఆ బిళ్ళ గడియారం ముల్లు తిరిగినట్లు తిరుగుతుంది. కొంతదూరం పోయాక వేగం తగ్గుతుంది. అప్పుడు గాలి తోపు బిళ్ళ ముందుభాగం కింద ఎక్కువగా పడుతుంది. ముందంచు పైకి లేవాలి. కాని తిరిగే వస్తువును ఒకచోట నెట్టితే, ఆ నెట్టుడు ఫలితం అక్కడ కనిపించదు. తిరిగే దిశలో పావు చుట్టు దాటిన తరువాత కనిపిస్తుంది. గడియారం దిశలో ముందంచు నుంచి పావు చుట్టు అంటే కుడి అంచు. కాబట్టి లేచేది ముందంచు కాదు, కుడి అంచు. కుడి అంచు లేస్తే బిళ్ళ ఎడమకు ఒరుగుతుంది, ఎడమకే దిగుతుంది. ఎడమచేతివాటం వారికి ఇది తారుమారుగా ఉంటుంది. కుడిచేతివాడే చేతిని తన కుడిపక్కకు చాచి, బొటనవేలు పైన, రెండు వేళ్ళు అంచు లోపల పెట్టి విదిలిస్తే బిళ్ళ ఎదురుదిశలో తిరిగి, చివరకు కుడికి ఒరుగుతుంది. అంటే ఒకే మనిషికి ఎడమ మలుపూ కుడి మలుపూ రెండూ చేతిలో ఉన్నాయన్నమాట. చెట్ల నడుమ ఈ రెండూ రానివాడికి తిప్పలు తప్పవు.

చేతిలో నుంచి బయలుదేరిన కొత్తలో, వేగం బాగా ఎక్కువగా ఉన్నప్పుడు, ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. అప్పుడు తోపు వెనుకభాగం కింద పడుతుంది, బిళ్ళ కొద్దిగా కుడికి ఒరుగుతుంది. అందువల్ల బాగా విసిరిన బిళ్ళ మొదట కాస్త కుడికి, తరువాత నిటారుగా, చివరకు ఎడమకు పోయి, పాము నడిచినట్లు వంకరగా ప్రయాణిస్తుంది. ఏ బిళ్ళ ఎంత వంకర పోతుందో తెలుసుకోవడమే సగం ఆట.

ఇక మైదానంలోకి పోదాం. ప్రతి గుంటకూ మొదలు ఒక చిన్న చప్టా ఉంటుంది. దానిని టీ అంటారు. సిమెంటుతోనో రబ్బరు పరుపుతోనో చేస్తారు. దాని పక్కన ఒక పలక మీద గుంట నంబరు, బుట్ట ఎంత దూరంలో ఉన్నది, ఎన్ని విసుర్లలో పూర్తి చేయవచ్చు అనే వివరాలు ఉంటాయి. ఎన్ని విసుర్లు చాలునో ఆ లెక్కను పార్ అంటారు. పార్ మూడు అయిన గుంటను రెండిటిలో ముగిస్తే బర్డీ, నాలుగిటిలో ముగిస్తే బోగీ. ఒక్క విసురుతోనే బుట్టలో పడితే ఏస్. ఏస్ పడిననాడు మొత్తం లెక్కలో ఓడిపోయినవాడు కూడా నవ్వుతూనే ఇంటికి పోతాడు.

మొదటి గుంట చెట్ల మధ్య ఉన్నదనుకుందాం. టీ మీద నిలబడి చూస్తే బుట్ట కనిపించకపోవచ్చు. ఎదురుగా బోదెలు, వాటి మధ్య సందులు, పైన కొమ్మలు. కొత్తవాడి కన్ను చెట్టు మీద పడుతుంది. ‘ఆ చెట్టుకు తగలకూడదు’ అనుకుంటూ విసురుతాడు, సరిగ్గా ఆ చెట్టుకే తగులుతుంది. అనుభవం ఉన్నవాడు చెట్లను చూడడు, సందును చూస్తాడు. చెట్టు అంటే నూటికి తొంభై పాళ్ళు గాలే అని ఆటగాళ్ళలో ఒక వేళాకోళపు మాట ఉన్నది. ఆ మాట నమ్మి కొమ్మల మీదికి విసిరినవాడికి మిగిలిన పది పాళ్ళే తగులుతాయి.

అడవిలో బలానికి విలువ తక్కువ. అరవై మీటర్లు తిన్నగా, నడుము ఎత్తున, నిదానంగా పోయే విసురు నూరు మీటర్ల బలమైన విసురుకంటే మేలు. బిళ్ళ ఎంత దూరం పోతే అంత వంకర బయటపడుతుంది. ఇరుకు సందులో వంకరకు చోటు ఎక్కడిది? కొన్నిచోట్ల దారి మధ్యలో మలుపు తిరుగుతుంది. అప్పుడు మలుపు దాకా ఒక విసురు, అక్కడినుంచి బుట్టకు ఒక విసురు అని ముందే విడదీసుకోవాలి. రెండు సందులు ఉన్నచోట ఏది వెడల్పో చూస్తే చాలదు. తప్పిపోతే బిళ్ళ ఎక్కడ పడుతుందో కూడా చూడాలి. దగ్గరి చెట్టుకు తగిలిన బిళ్ళ టీ వెనక్కు కూడా ఎగిరివస్తుంది. దూరపు చెట్టుకు తగిలిన బిళ్ళకు కనీసం సగం దారి దక్కుతుంది. అందుకని మొదటి పది అడుగులలో ఉన్న చెట్లను దాటడమే అన్నిటికంటే ముఖ్యమని తెలిసినవాళ్ళు అంటారు. అడవి చేసే ఒక ఉపకారమూ ఉన్నది. లోపల గాలి వీచదు. బిళ్ళ తన సొంత గుణం ప్రకారమే నడుస్తుంది.

చెట్ల మధ్యనుంచి బయటికి వచ్చి పచ్చికబయలులో నిలబడగానే కొత్తవాడికి ప్రాణం లేచివస్తుంది. అడ్డం లేదు, బుట్ట ఎదురుగా కనిపిస్తున్నది. కాని పచ్చికబయలు మోసం చేస్తుంది. చెట్లు లేనిచోట దూరం అంచనా వేయడం కష్టం. నడుమ ఆనవాలు ఏదీ లేక బుట్ట దగ్గరలో ఉన్నట్లు తోస్తుంది. పైగా ఇక్కడ గాలి ఉన్నది. ఎదురుగాలి వీస్తున్నప్పుడు బిళ్ళ వేగం అసలు వేగంకంటే ఎక్కువ అయినట్లు ప్రవర్తిస్తుంది. మొదటి కుడి ఒరుగు పెరిగిపోయి బిళ్ళ బోర్లపడవచ్చు. వెనుకగాలిలో ఇందుకు భిన్నంగా తోపు తగ్గి తొందరగా దిగుతుంది. పక్కగాలి అన్నిటికంటే ఇబ్బంది. బిళ్ళ అడుగుభాగం గాలికి ఎదురుగా ఎత్తి ఉంటే గాలి దానిని గాలిపటంలాగ ఎత్తుకుపోతుంది. వీపు ఎదురుగా ఉంటే నేలకు అదుముతుంది. అందుకే ఆటగాళ్ళు విసిరే ముందు నాలుగు గడ్డిపరకలు తుంచి పైకి ఎగరేసి చూస్తారు. గాలి సాయం ఉంటే ఎంత దూరం పోతుందో ఒక ఉదాహరణ ఉన్నది. 2016లో డేవిడ్ విగ్గిన్స్ అనే యువకుడు నెవాడా ఎడారిలో బలమైన గాలిలో విసిరిన బిళ్ళ 338 మీటర్లు పోయింది. అడవిలో ఆ విసురు ముప్పై మీటర్లు కూడా పోదు.

మంచి మైదానం రూపొందించేవారు అడవినీ బయలునూ కలగలుపుతారు. నాలుగు గుంటలు ఇరుకులో ఆడించి, చేయి బిగుసుకుపోయిన సమయానికి ఆటగాడిని బయలులోకి తెస్తారు. అక్కడ విచ్చలవిడిగా విసరడం అలవాటు కాగానే మళ్ళీ చెట్లలోకి తోస్తారు. శాంటాక్రూజ్ నగరంలో డెలవియాగా అనే కొండపార్కు ఉన్నది. 1984లో అక్కడ మైదానం తీర్చారు. ఓక్ చెట్ల మధ్య లోయలు దాటుతూ సాగే ఆ ఆటలో 27వ గుంటకు ‘లోకపు శిఖరం’ అనే అర్థంవచ్చే పేరు ఉన్నది. కొండమీద నిలబడి దిగువనున్న బుట్ట వైపు విసరాలి. విసిరిన బిళ్ళ చాలాసేపు దిగదు. ఆ కొద్దిసేపు చూడడానికే దూరప్రాంతాల నుంచి వచ్చేవారున్నారు. హెడ్రిక్ 2002లో మరణించాడు. అతని కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి బిళ్ళలు చేసి, కుటుంబసభ్యులకూ మిత్రులకూ ఇచ్చారు.

బిళ్ళ పడిన చోటనుంచే తరువాతి విసురు విసరాలి. బిళ్ళకు ముందు, బుట్ట వైపున, ఆనించి ఒక చిన్న గుర్తుబిళ్ళ పెడతారు. తరువాత పడిన బిళ్ళను తీసుకుంటారు. గుర్తుబిళ్ళ వెనుక 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు గల జాగాలో ఒక పాదం పెట్టి విసరాలి. అందరిలోకీ బుట్టకు ఎవరు దూరంగా ఉంటే వారిది ముందు వంతు. బుట్టకు 10 మీటర్ల లోపల ఉన్నప్పుడు విసిరి ముందుకు తూలకూడదు. విసిరిన తరువాత నిలదొక్కుకొని ఆ పైన నడవాలి. నీటిలోనో హద్దు అవతలనో పడితే ఒక విసురు అదనంగా లెక్కవేస్తారు. పొదలో పడితే? పొదలోనే నిలబడాలి. నిలబడడానికి వీలుగా కొమ్మ విరవకూడదు, తీగ తెంపకూడదు. ఉన్న కొమ్మలు అతి తక్కువగా కదిలేటట్లు నిలబడాలని నియమం. కొమ్మ విరిచినవాడికి అదనపు విసుర్లు శిక్షగా పడతాయి.

ఈ నియమం ఎందుకు పెట్టారో ఆలోచించదగినది. గోల్ఫ్ మైదానం కోసం నేలను చదునుచేసి, గడ్డి పరచి, ఏడాది పొడుగునా నీరు పెట్టాలి. డిస్క్ గోల్ఫ్‌కు నేల ఎలా ఉంటే అలా చాలు. ఒక్కొక్క గుంటకు సుమారు ఒక ఎకరం లెక్కన స్థలం చూసుకుంటారు. మిట్టపల్లాలు, వాగులు, చెట్లు, అన్నీ ఆటలో భాగం. ఖర్చు తక్కువ కాబట్టి ఊరి పార్కులలో పెట్టగలిగారు. చాలాచోట్ల ఆడడానికి రుసుము లేదు. ఒక బిళ్ళ కొనగలిగినవాడు ఆడవచ్చు. నేడు లోకంలో పదివేలకు పైగా మైదానాలు ఉండడానికి ఇదే కారణం. ఫిన్లాండు, ఎస్తోనియా వంటి చిన్న దేశాలలో కూడా అడవి అంచున బుట్టలు కనిపిస్తాయి.

కాని చవక అయినంత మాత్రాన ఈ ఆటవల్ల నష్టం లేదనుకోరాదు. బిళ్ళ గంటకు నూరు కిలోమీటర్ల వేగంతో వచ్చి చెట్టుకు తగులుతుంది. ఓక్ చెట్టు బెరడు మందమైనది, ఒక దెబ్బకు చెక్కుచెదరదు. కాని టీకి ఎదురుగా ఉన్న చెట్టుకు ఒక దెబ్బ కాదు, రోజూ తగులుతాయి. బెరడు కింద పలుచని జీవపొర ఒకటి ఉంటుంది. చెట్టు లావెక్కేది దానివల్లనే. బెరడు చిట్లి ఆ పొర దెబ్బతిన్నచోట చెట్టు గాయం మానక బూజు, పురుగు ప్రవేశిస్తాయి. బెరడు పలుచనైన చెట్లకూ లేతమొక్కలకూ ఈ ప్రమాదం మరీ ఎక్కువ. నేలకు జరిగేది ఇంకొకటి. ఒకే దారిన వందలమంది నడిస్తే మట్టి గట్టిపడుతుంది. వాననీరు లోపలికి ఇంకదు, వేళ్ళకు గాలి అందదు. పచ్చిక పోయి మట్టి బయటపడుతుంది, వానకు కొట్టుకుపోతుంది. నూరేళ్ళు నిలిచిన చెట్టు ఇరవై ఏళ్ళ ఆటతో నీరసించడం సాధ్యమే.

అందువల్ల ఒక పార్కులో బుట్టలు పెడతామనగానే అభ్యంతరాలు రావడం సహజం. పార్కు ఆటగాళ్ళది మాత్రమే కాదు. ఉదయం నడకకు వచ్చే వృద్ధులు, పక్షులను చూడవచ్చేవారు, చాప పరచుకొని కూర్చొనే కుటుంబాలు, అందరికీ అది ఉమ్మడి సొత్తు. తల మీదినుంచి బిళ్ళలు ఎగురుతూ ఉంటే వారు రావడం మానుకుంటారు. ‘మేము డబ్బు ఖర్చు పెట్టించలేదు కదా’ అని ఆటగాళ్ళు అనడంలో న్యాయం కొంతే ఉన్నది. డబ్బు ఖర్చు కాకపోయినా జాగా ఖర్చు అవుతుంది. నడకదారికి అడ్డంగా టీ పెట్టిన మైదానం, ఆట ఎంత బాగున్నా, చెడ్డ మైదానమే.

దీనికి మార్గాలు లేకపోలేదు. కొన్నిచోట్ల ఒక్కొక్క గుంటకు రెండు మూడు చోట్ల భూమిలో ఇనుప గొట్టాలు పాతి ఉంచుతారు. కొన్ని నెలలకొకసారి బుట్టను ఒక గొట్టం నుంచి తీసి మరొకదానిలో దింపుతారు. అరిగిపోయిన నేలకు అప్పుడు విశ్రాంతి దొరుకుతుంది. మన రైతులు పొలాన్ని బీడుపెట్టడం వంటిదే ఇది. టీకి ఎదురుగా ఉన్న చెట్ల ముందు గుంజలు నాటి, దెబ్బ గుంజకు తగిలేటట్లు చేస్తారు. వేళ్ళ మీద చెక్కముక్కలు మందంగా పరుస్తారు. అవి అడుగుల బరువును ఆపి, కుళ్ళి ఎరువు అవుతాయి. ఆటగాళ్ళే సెలవురోజున పారలు పట్టుకొని ఈ పనులు చేసే పార్కులు అనేకం. దారిలో మనిషి కనిపిస్తే ఎంతసేపైనా ఆగాలి, విసిరిన బిళ్ళ ఎవరి వైపైనా పోతే ‘ఫోర్’ అని గట్టిగా కేకవేయాలి. ఇది వ్రాసిన నియమాలకంటే ముందు నేర్పే పాఠం.

చివరకు పోయిన బిళ్ళల సంగతి. అడవిలో విసిరిన బిళ్ళ ఆకుల కింద దూరిపోతే వెదకడానికి మూడు నిమిషాల గడువు ఉంటుంది. ఆ లోపల తోటి ఆటగాళ్ళందరూ, పోటీలో ఉన్నవారు కూడా, వంగి పొదలు చూడవలసిందే. దొరకకపోతే ఒక విసురు నష్టం. అందుకనే ప్రతివారూ తమ బిళ్ళ అడుగున చెరగని సిరాతో పేరూ ఫోను నంబరూ వ్రాసుకుంటారు. ఆరు నెలల తరువాత శిశిరంలో ఆకు రాలి, నడకకు వచ్చిన ఎవరికో ఆ బిళ్ళ కనిపిస్తుంది. వారు ఆ నంబరుకు ఫోను చేసి, ‘మీ వస్తువు మా దగ్గర ఉన్నది, వచ్చి తీసుకుపొండి’ అని చెబుతారు.